ఎండడం మరిచిన చెరువులు

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు బేగంపేటలో 24 గంటల్లోనే 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. ఏ కాలనీలో ఎన్ని అడుగుల నీళ్లు నిలిచాయి, ఎన్ని కార్లు కొట్టుకుపోయాయి, ఎక్కడ కట్ట తెగింది అన్న లెక్కలు మర్నాడు పత్రికల నిండా వచ్చాయి. ఆ రాత్రి ఎన్ని చేపలు చెరువు మారాయో లెక్క తీసే తీరిక ఎవరికుంటుంది? కానీ మారే ఉంటాయి. తెలంగాణ చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టువి. పై చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దూకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. నీళ్లతో పాటు చేపపిల్లలు, నత్తలు, కప్పగుడ్లు, తుంగ విత్తనాలు, తెగిన తీగల ముక్కలు కూడా దిగుతాయి. కొన్ని చేపలైతే వరదకు ఎదురెక్కి పైచెరువుకే పోతాయి. ఏడాదిలో పదకొండు నెలలు దేనికది విడిగా ఉండే చెరువులు ఆ కొద్ది రోజులు మాత్రం ఒకే నీళ్లవుతాయి.

దీవి అనగానే మనకు కడలి మధ్యన కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి. జీవశాస్త్రవేత్త లెక్కలో మాత్రం, తాను బతకలేని చోటు చుట్టూ ఉండి, బతకగలిగిన చోటు మధ్యన ఉంటే అది ఆ ప్రాణికి దీవే. పాత ముంబై రహదారి మీద మియాపూర్, లింగంపల్లిల నడుమ ఉన్న చందానగర్‌ను ఆ కంటితో చూడండి. ఊళ్లో గంగారం పెద్దచెరువు. ఉత్తరాన అమీన్‌పూర్ చెరువు. పడమట బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ చెట్లు, ఇంకా ముందుకు పోతే పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పొలాలు. దక్షిణాన హైదరాబాద్ విశ్వవిద్యాలయం బండలు, పొదలు. వీటి మధ్యన అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు, షాపింగ్ కాంప్లెక్సులు. కొంగకు ఇదంతా కొన్ని నిమిషాల ప్రయాణం. కప్పకు హైవే దాటడమంటే సముద్రం దాటడమే. చేపకు మత్తడి దూకితే తప్ప దారే లేదు. కాబట్టి ఎవరి సముద్రం వారిదే.

ఏ దీవి మీద ఎన్ని జాతులు ఉంటాయో చెప్పడానికి రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు అమెరికన్లు 1967లో ఒక పుస్తకం రాశారు. వారి వాదన తేలికైనదే. కొత్త జాతులు వస్తుంటాయి, ఉన్నవి అంతరిస్తుంటాయి. ఈ రెండూ సరిపోయిన చోట సంఖ్య నిలుస్తుంది. దీవి దూరమైతే వచ్చేవి తగ్గుతాయి, చిన్నదైతే పోయేవి పెరుగుతాయి. సిద్ధాంతం చక్కగా ఉంది, మరి పరీక్షించడం ఎలా? విల్సన్, ఆయన శిష్యుడు డేనియల్ సింబర్‌లాఫ్ దానికో మొరటు పద్ధతి కనిపెట్టారు. ఫ్లోరిడా తీరంలో పదకొండు నుంచి పద్దెనిమిది మీటర్ల వెడల్పున్న చిట్టి మడ దీవులు ఆరు ఎంచుకుని, 1966, 67లలో ఒక్కోదానికి గుడారం కప్పి మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారు. చీమ, సాలీడు, పురుగు ఏదీ మిగలకుండా ఊడ్చేసి, తర్వాత ఎవరెవరు వస్తారో గమనించారు.

సుమారు 250 రోజుల్లో, అన్నిటికన్నా దూరంగా ఉన్న ఒక్క దీవి తప్ప మిగతావన్నీ ఇంచుమించు పాత సంఖ్యకు చేరాయి. ఇది అందరూ చెప్పే సంగతి. నాకు ముఖ్యంగా తోచేది దాని పక్కనున్నది. సంఖ్య తిరిగొచ్చింది గానీ జాబితా తిరిగిరాలేదు. పాతవాళ్లలో చాలామంది లేరు, కొత్తవాళ్లు స్థిరపడ్డారు. చందానగర్‌లో ఫ్లాట్ ఖాళీ అయితే ఇలాగే ఉంటుంది: ముందు చూసుకున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చి దిగిపోతారు, నిన్న ఖాళీ చేసినవాళ్లే మళ్లీ వస్తారన్న నమ్మకమేమీ లేదు. ఉపద్రవం చేసే మొదటి పని చోటు ఖాళీ చేయడం. ఆ చోట ఎవరు దిగుతారన్నది ఎవరు దగ్గరున్నారు, ఎవరికి రెక్కలున్నాయి, ఎవరు తొందరగా పిల్లల్ని కంటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రకృతి ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసి చూపింది. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రాల మధ్యనున్న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలై, మిగిలిన ముక్క మీద మీటర్ల మందాన బూడిద పరిచింది. తొమ్మిది నెలల తర్వాత వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు ఎడ్మండ్ కొట్టోకు అక్కడ కనిపించిన ప్రాణి ఒకే ఒక చిన్న సాలీడు, అప్పటికే గూడు అల్లుకుంటోంది. 1886లో వృక్షశాస్త్రవేత్త మెల్షియర్ ట్రబ్ వెళ్లేసరికి బూడిద మీద నాచుపొర, ఫెర్నులు మొలిచాయి. మరో పదేళ్లకు దీవి లోపలి భాగం గడ్డిమైదానమైంది. ఆ గడ్డిలో ముఖ్యమైనది మనకు కొత్తది కాదు, మన రెల్లే. గోదావరి లంకల మీద దసరా రోజుల్లో తెల్లటి కంకులతో ఊగే గడ్డి అదే. రెల్లు విత్తనం దూదిలా తేలికైనది, గాలికి సముద్రం దాటుతుంది. దాని వేళ్లు ఇసుకనూ బూడిదనూ పట్టేస్తాయి. తర్వాత పక్షులూ గబ్బిలాలూ మర్రి జాతి పండ్లు తిని, విత్తనాలు మోసుకొచ్చి చెట్లను తెచ్చాయి. అడవి కమ్మి నీడ పరిచాక రెల్లు వెనక్కి తగ్గింది.

లంకల మీద మాత్రం రెల్లు వెనక్కి తగ్గదు. కారణం గోదావరి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, 1986 తర్వాత అంత ఎత్తుకు రావడం అదే. అలాంటి వరదకు ధవళేశ్వరం దిగువ లంకల్లో ఒక ఒడ్డు తెగి కొట్టుకుపోతుంది, మరో చోట కొత్త ఇసుకదిబ్బ పడుతుంది. కొత్త దిబ్బ మీద మళ్లీ మొదటి అతిథి రెల్లు. క్రకటోవాకు ఒక్కసారి జరిగింది లంకలకు పదే పదే జరుగుతుంది. అందుకే లంక ఎప్పటికీ ముదరదు, ఒక కొస ముసలిది, ఒక కొస పసిది. ఒండ్రు మీద పండే లంక పొగాకుకు పేరొచ్చిందీ ఈ పదే పదే కొత్తబడే నేల వల్లనే.

ఉపద్రవం ఖాళీ చేయడమే కాదు, మోసుకురావడం కూడా చేస్తుంది. 1995 సెప్టెంబరులో కరీబియన్ సముద్రంలో లూయిస్, మారిలిన్ అనే రెండు తుపానులు వరుసగా వచ్చాయి. అక్టోబరు 4న అంగ్విల్లా దీవి తీరానికి పెళ్లగిలిన చెట్ల మోపు ఒకటి కొట్టుకొచ్చింది. దాని మీద కనీసం పదిహేను ఆకుపచ్చ ఇగువానాలు, అంటే మన ఉడుమంత బల్లులు. అంతకుముందు ఆ దీవిలో ఆ జాతి లేదు. మూడేళ్లకు కూడా అక్కడ బతికే ఉన్నాయి, ఆడదొకటి గుడ్లు పెట్టే స్థితిలో కనిపించింది. అంతకన్నా చెప్పుకోదగ్గది 1996 అక్టోబరులో బహామాస్ దీవులను కొట్టిన లిలీ తుపాను. అప్పటికే అక్కడ స్పిల్లర్, లోసోస్, షోనర్ అనే పరిశోధకులు చిన్న దీవుల మీద బల్లులనూ సాలీళ్లనూ లెక్కపెడుతున్నారు. తుపానుకు ఎదురుగా ఉన్న దీవుల మీద రెండూ తుడిచిపెట్టుకుపోయాయి. ఏడాది తిరిగేసరికి సాలీళ్లు తిరిగొచ్చేశాయి. పట్టుదారం గాలికి వదిలి దానితో పాటే ఎగిరిపోవడం సాలీడు పిల్లకు పుట్టుకతో వచ్చిన విద్య. బల్లులు మాత్రం రాలేదు. ఒకే తుపాను, ఒకే దీవి, రెండు కథలు.

ఇది చదువుతుంటే మన కంచ గచ్చిబౌలి గుర్తుకు రాకమానదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమని ఆదేశించేలోపు సుమారు వంద ఎకరాల చెట్టూ పొదా నేలమట్టమయ్యాయి. హక్కుల గొడవ కోర్టులు చూసుకుంటాయి. జీవశాస్త్రం వైపు నుంచి చూస్తే అదొక పెద్ద మడ దీవి గుడారం. ఈ విశ్వవిద్యాలయం ఆవరణలో దొరికిన ఒక సాలీడు జాతికి 2010లో మురిసియా హైదరాబాదెన్సిస్ అని పేరు పెట్టారు. పక్కనే పొదలు మిగిలి ఉంటే సాలీళ్లు గాలికి ఎగిరొచ్చి కొద్ది నెలల్లో సర్దుకోగలవు. నక్షత్ర తాబేలుకు ఆ విద్య రాదు. అది నడిచి రావాలి, నడిచే దారి ఉండాలి, పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఏళ్లు పడతాయి. ఈలోపు తెరిపి నేల మీద మొదట దిగేవి వయ్యారిభామ, సుబాబుల్, సర్కారు తుమ్మ. పచ్చదనం తిరిగొచ్చిందని ఉపగ్రహ చిత్రం చూసి సంబరపడటంలోని చిక్కు ఇదే. పచ్చదనం సంఖ్య లాంటిది, జాబితా కాదు.

ఇక చెరువు దగ్గరికి. చందానగర్ చుట్టుపక్కల చెరువులు మనుషులు కట్టుకున్నవి, వానాకాలం నింపుకుని రబీ పంట తడుపుకోవడానికి. జులై నుంచి అక్టోబరు దాకా నిండేవి. సంక్రాంతి దాటాక తూము గుండా నీళ్లు పొలాలకు పోయి తగ్గేవి. ఏప్రిల్, మే నెలల్లో చెరువు అడుగున ఉండే శిఖం భూమి నెర్రెలు విచ్చేది. పిల్లలు అందులో క్రికెట్ ఆడుకునేవారు, రైతులు పూడికమట్టి తోలుకునేవారు. నీటిప్రాణికి ఇంతకన్నా పెద్ద ఉపద్రవం ఏముంటుంది? ప్రతి ఏడూ దీవి మునిగిపోవడం లాంటిదే అది, కాకపోతే తలకిందులుగా.

అయినా ఆ ఉపద్రవం వేళ తప్పనిది. వేళ తప్పని దానికి ప్రాణులు అలవాటు పడతాయి. మన రాష్ట్ర చేప కొర్రమీను నోటితో గాలి మింగి బతుకుతుంది, నీళ్లు తగ్గితే తడి బురదలో దాక్కుంటుంది.  ఆపిల్ నత్త గుల్ల మూత బిగించుకుని వేసవంతా మట్టిలో నిద్రపోతుంది. నీళ్లు తగ్గి అది చేతికందే వేళకు దానికోసమే అన్నట్టుండే ముక్కుతో నత్తగుళ్ల కొంగలు దిగుతాయి. బోదురు కప్పలు తొలి వానకే బయటికొస్తాయి, మగవి పసుపుపచ్చగా మారతాయి. ఎందుకంత తొందర? కొత్తగా నిండిన నీళ్లలో పిల్లల్ని తినే పెద్ద చేపలు ఇంకా ఉండవు. దేశాలు దాటి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం మీద ఎగిరే పాంటలా తూనీగ పిల్లకు నెలా పదిహేను రోజుల నీళ్లుంటే చాలు, రెక్కలు తొడుక్కుని పోతుంది. వానకు బండల గుంతల్లో నిలిచే నీళ్లలో పుట్టే ఫెయిరీ ష్రింప్ అనే చిట్టి రొయ్య గుడ్లు ఎండిపోయి ఏళ్ల తరబడి ధూళిలో పడి ఉండగలవు. ఆ ధూళే గాలికి, పక్షి కాలికి అంటుకుని ఇంకో గుంతకు చేరుతుంది. ఎండడం ఇక్కడ అడ్డంకి కాదు, ప్రవేశ పరీక్ష. పాసయినవాళ్లే ఈ దీవుల మీద ఉండేవారు.

ఆ పరీక్షను నగరం రద్దు చేసింది. పొలాలు ప్లాట్లయ్యాక తూములతో పని లేకపోయింది. ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాక వాటి మురుగు వాలు వెంట చెరువుకే దిగింది. మే నెలలో ఆకాశం నుంచి చుక్క రాలకపోయినా స్నానాల గదుల నుంచి నీళ్లు రోజూ వస్తూనే ఉంటాయి. చెరువు ఎండడం మానేసింది. మురుగు వల్ల చెరువు చెడిందని అందరం అంటాం, అది నిజమే, కానీ సగమే. మురుగులోని మలినం ఒక దెబ్బయితే, ఏడాది పొడవునా ఆగని దాని ప్రవాహం ఇంకో దెబ్బ. ఈ రెండో దెబ్బను మనం దెబ్బగా గుర్తించం, ఎందుకంటే నిండు చెరువు కంటికి బాగుంటుంది. ఉపద్రవం ఆగిపోవడం కూడా ఉపద్రవమే.

అలా కొత్తగా తెరుచుకున్న చోట ఎవరు దిగారో ఏ చెరువు కట్ట మీద నిలబడ్డా తెలుస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క ఎరువు దండిగా ఉన్న నీళ్లలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని వేళ్లకు మాన్సోనియా దోమ పిల్లలు కొక్కేల్లా అంటుకుని ఆ వేళ్లలోని గాలినే పీల్చుకుంటాయి. అపార్ట్‌మెంట్ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో దోమల గోడు కొంత వచ్చేది ఇక్కడి నుంచే. చేపల్లో సంతలో జిలేబి అని అమ్మే తిలాపియా ఉంది. 1952లో దేశంలోకి తెచ్చారు. పిల్లల్ని నోట్లో పెట్టుకుని సాకుతుంది, ఎండని నీళ్లు దొరికితే ఏడాదంతా పిల్లలే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. వాన రాత్రి గుంటలోంచి ఒకటి తప్పించుకుంటే తడినేల మీద పాకి వాగు పట్టుకోగలదు, వాగు నుంచి చెరువు. పై చెరువు మత్తడి దూకితే కిందివన్నీ దానివే. అన్నట్టు, ఇది బురదలో కూడా బతకగలదు, చెరువు ఎండబెట్టినంత మాత్రాన పోయే రకం కాదు. అక్వేరియంలో గాజు నాకడానికి కొనుక్కొచ్చి, పెరిగిపోయాక జాలిపడి చెరువులో వదిలే సక్కర్ చేపది మరో దారి. దానికి వరద కూడా అక్కర్లేదు, స్కూటరు చాలు.

లారీ మీద వచ్చేవీ ఉన్నాయి. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. బొచ్చె, రవ్వ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి. కాబట్టి ఏటా వదలాలి, ఏటా పట్టాలి. మెకార్థర్ సూత్రం ప్రకారం ఈ చెరువుల్లో ఆ రెండు జాతుల రాక కోసం దూరమూ వద్దు, తుపానూ వద్దు, టెండరు ఉంటే చాలు.

మితమైన ఉపద్రవం ఉన్న చోటే వైవిధ్యం ఎక్కువ అని 1978లో జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ అన్నాడు. మరీ తక్కువైతే బలవంతులు ఆక్రమిస్తారు, మరీ ఎక్కువైతే ఎవరూ నిలవరు అని ఆయన లెక్క. వినడానికి పెద్దల మాటలా ఉంటుంది, అందుకే పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. 2013లో మరో శాస్త్రవేత్త జెరెమీ ఫాక్స్ మాత్రం పరిశీలనలు దాన్ని సమర్థించడం లేదు, దాని వెనుక తర్కమూ సరిగా లేదు, ఇక వదిలేద్దామన్నాడు. మన చెరువుల విషయంలో నేను ఫాక్స్ వైపే మొగ్గుతాను. ఇక్కడ ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే పెద్ద ప్రశ్న. మే నెలలో పూర్తిగా ఎండిన చెరువుది చిన్న ఉపద్రవమేమీ కాదు, అయినా కొర్రమీనుకు ఫరవాలేదు. అదే పనిని జనవరిలో, వలస పక్షులు దిగి ఉన్నప్పుడు, పంపులు పెట్టి చేస్తే లెక్క వేరు.

అమీన్‌పూర్ చెరువు ఈ సంగతిని బాగా చూపుతుంది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, దేశంలో నగర పరిధిలోని ఒక చెరువుకు ఆ గుర్తింపు దొరకడం అదే మొదలు. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయని కెమెరాలు పట్టుకుని జనం పోతుంటారు. ఫ్లెమింగో తల కిందకు వంచి లోతు లేని నీళ్లలోంచి ఆహారం వడగట్టుకుంటుంది. ఉల్లంకులకు బురద అంచు కావాలి. గట్టు దాకా నీళ్లుంటే రెంటికీ చోటు లేదు, బాతులకే. వాన బాగా పడి చెరువు నిండుకుండలా ఉన్న ఏడు పక్షులు తగ్గాయని కొందరు బెంగపడతారు. తగ్గలేదు, మారాయి. నీరు ఎక్కి దిగుతూ ఉంటేనే ఒకే చెరువు ఒక నెల బాతులది, ఒక నెల ఫ్లెమింగోలది, ఒక నెల కొంగలది అవుతుంది. ఒకే మట్టంలో నిలిచిపోయిన మురుగు చెరువు ఊదారంగు నీటికోళ్లకూ, ఆకుల మీద నడిచే జకానాలకూ బాగానే ఉంటుంది, వాటికేమీ ఫిర్యాదు లేదు. కాకపోతే అవి అన్ని నెలలూ అవే.

మురుగు చెరువులో మనుషులు కట్టిన దీవీ ఉంది. మణికొండ దగ్గర నెక్నాంపూర్ చెరువులో 2018లో సుమారు 3,000 చదరపు అడుగుల తేలే దీవి ఒకటి కట్టారు, వెదురు మీద మొక్కలు నాటి. వేళ్లు నీళ్లలోకి వేలాడి మురుగులోని పోషకాలు లాగేసుకుంటాయి. గుర్రపు డెక్క చేసేదీ అదే పని, ఒక తేడా ఉంది: ఈ దీవి ఎంత పెరగాలో మనిషి చేతిలో ఉంది. నీటికోళ్లు, కొంగలు దాన్ని దీవిగానే వాడుకుంటాయి.

చెరువు బాగుచేయడమంటే మన దగ్గర ముందు జరిగేది నీళ్లు తోడి, జేసీబీలు దింపి, పూడిక తీయడం. మురుగు మళ్లించకుండా ఇది చేస్తే సింబర్‌లాఫ్ గుడారం కప్పి తీసేసినట్టే, చుట్టూ ఉన్నది గుర్రపు డెక్కే కనుక దిగేది కూడా అదే. మురుగు మళ్లించి చేసినా ఒక మెలిక మిగులుతుంది. గుర్రపు డెక్క విత్తనాలు బురదలో ఇరవై ఏళ్ల దాకా బతికి ఉండగలవు. చెరువు ఎండితే మొక్కలు చస్తాయి, తొలివానకు బురద తడవగానే విత్తనాలు లేస్తాయి. ఆ పిల్లమొక్కలు పూతకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, కోయాల్సింది అప్పుడే. పూశాక కోస్తే మళ్లీ ఇరవై ఏళ్ల విత్తనం పడిపోతుంది. అందుకని యంత్రాలు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా అవి ఏ వారంలో దిగాయన్నది చూడాలి. ఒక చెరువు ముగించి ఇంకో చెరువుకు పోయేటప్పుడు వాటి పళ్లకు, చక్రాలకు అంటిన తీగముక్కలు కడిగారా లేదా అన్నదీ చూడాలి. ఆ ముక్కకు మత్తడితో పనిలేదు, ట్రాలీ మీద ఎక్కి నేరుగా కొత్త చెరువులోకే దిగుతుంది.